గుడ్ల జిలాని సరిహద్దులు

ఆళ్లగడ్డలో గుడ్ల జిలానిని ‘గుడ్డెంత?’ అని అడిగినవాడు ముందు శ్రీలంక పోయి, నేపాల్ మీదుగా తిరిగి రావాల్సిందే. ధర ఆ తర్వాతే చెప్తాడు.

“లంకలో కోళ్ల మేతకు మొక్కజొన్న ఓడెక్కి రావాల. మనకాడ చేలో పండుతాది. పైన పన్ను, దానిపైన వాళ్ల దుడ్ల విలువ. అందుకే ఆడ అంత రేటు.”

“ఈడెంత జిలానన్నా?”

“తొందరేందప్పా, నేపాల్ ఉండాది గదా.”

ఆమ్లెట్‌కని ఉల్లిపాయలు తరిగిపెట్టి వచ్చినవాళ్లు ఇల్లు చేరేసరికి అవి వాడిపోయి ఉండేవి.

ఒకరోజు నేను లంకలో ఉండగానే మా పక్కింటి రామమ్మ వచ్చింది. జిలాని ఆమెకు టక్కున “నాలుగు” అన్నాడు.

“గోలీలంత లేవు, ఇవీ గుడ్లేనా? మూడున్నరకియ్యప్పా,” అంటూ రెండు గుడ్లు ఏడు రూపాయలకు పట్టుకుపోయింది. నాకేమో ఒక్కోటి ఎనిమిది. కడుపు మండిపోయింది.

“ఆ యమ్మది వేరే దేశం,” అన్నాడు జిలాని.

“మా రెండిళ్లకూ గోడ ఒకటే కదన్నా.”

“గోడ ఉండాది గదా? సరిహద్దంటే అదే.”

నేను కదల్లేదు. చివరికి గొంతు తగ్గించాడు. రామమ్మ మొగుడు సాల్మన్ రాజు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టీ పట్టీ, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడని నాకూ తెలుసు. నంద్యాల డాక్టరు రోజూ రెండు గుడ్లు పెట్టమన్నాడట.

“ఊరికే ఇస్తే తీసుకోదప్పా. సంగతి తెలిసిందా, రేపట్నుంచి రాదు.”

నోరు మూసుకుని ఎనిమిదీ ఇచ్చి వచ్చాను.

ఎన్ని గుడ్లు పెట్టినా సాల్మన్ రాజు దక్కలేదు. మొన్న వేసవిలో పోయాడు. మట్టి చేసి వచ్చాక జిలాని అంగడి మెట్టు మీద కూలబడి, “రోజూ మూడు పెట్టమనాల్సింది” అని ఒకటే మాట పదిసార్లు అన్నాడు. వింటూంటే నాకూ ఏడుపొచ్చింది.

నెల తర్వాత రామమ్మ అంగడికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. “ఒకటియ్యప్పా,” అని బల్ల మీద ఎనిమిది రూపాయలు పెట్టింది.

జిలాని తడబడ్డాడు. “మీ కాడ మూడున్నరే కదమ్మా. మేత...”

“ఉండనీలే అప్పా. ఎనిమిదని నాకు మొదట్నుంచీ తెలుసు. ఊర్లో ఇంకో అంగడి లేదా?”

“మరి దినామూ నాతో బేరమెందుకాడితివి?”

“ఆడకుంటే నీకు అనుమానం రాదా?” అని, గుడ్డును కొంగులో చుట్టుకుంటూ కొంచెం నవ్వింది రామమ్మ.