కొడిసెపాల బెరడు

రాజమండ్రిలో డాక్టరు దొరగారి దగ్గర కాంపౌండరు రాజరత్నం. తన ఎదుట ఇంకెవరినైనా మెచ్చుకుంటే చాలు, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుస్తూ కూర్చుంటాడు. అద్దాలు మెరిసినా తుడవడం ఆపడు. జిగట విరేచనాలు కట్టించే కొడిసెపాల బెరడులోంచి ఆ గుణమున్న సారాన్ని వేరుచేయాలని మూడు నెలలు తంటాలు పడ్డాడు. బెరడు దంచి, వెనిగర్‌లో నానబెట్టి, వడకట్టి, సున్నపుతేట కలిపి చూశాడు. గ్లాసు అడుగున ఏమీ దిగలేదు. పోలవరం నుంచి పడవలో మూలికలు తెచ్చే దీనమ్మ ఒకనాడు ఆ బెరడు ముక్క కొరికి, "ఇది అంకుడు బెరడండి బాబుగారూ. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయండి, చేదే వేరు," అంది. ఆమె తెచ్చిన బెరడుతో మర్నాడే తెల్లటి పొడి దిగింది. దొరగారు కుర్చీలోంచి లేచి దీనమ్మకి నమస్కారం పెట్టారు. రాజరత్నానికి ఏనాడూ పెట్టలేదు. ఈ సంగతి తెలుపుతూ మద్రాసు పంపే కాగితం మీద ముందే సంతకం చేసి, బెరడు గుర్తుపట్టిన మనిషి పేరు రాయమని ఆమె ఎదుటే రాజరత్నానికి అప్పగించారు. అతను ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు.

"నా పేరెక్కడుందండి?" అంది చదువురాని దీనమ్మ. అతను వేలుపెట్టి చూపించాడు. ఆమె ఆ అక్షరాలు తాకి కళ్లకద్దుకుంది.

"ఒక్కసారి చదవండి బాబుగారూ, వింటాను."

రాజరత్నం తన పేరు మీదే వేలుంచి, "దీనమ్మ" అని చదివాడు.