రవళి జడ

మొన్న లిఫ్టులో నా ముందు నిలబడ్డ అమ్మాయి గిరుక్కున తల తిప్పింది. జడ వచ్చి నా మోచేతికి తగిలింది. కొబ్బరినూనె వాసన. శారద గారు గుర్తొచ్చి, నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, విజయవాడ పటమటలో ఒక మందుల షాపు పైన ఆవిడ కంప్యూటర్ యానిమేషన్ నేర్పేవారు. ఈ రోజు నేను తినే అన్నం ఆవిడ నేర్పిన పని పెట్టిందే. అప్పట్లో పిల్లలకు కూచిపూడి అడుగులు నేర్పే సీడీ ఒకటి ఇద్దరం కలిసి చేస్తున్నాం. మౌస్‌తో బొమ్మను తిప్పితే జడ దానంతటదే ఊగాలి. తల, మెడ, జడ అన్నిటినీ స్ప్రింగులతో కలిపినట్టు లెక్క రాయమన్నారు. రాశాను. జడ కాస్తా రిబ్బనులా ఎగిరింది.

"ఇదేం జడమ్మా? కుప్పెల బరువేదీ?" అంటూ బీరువాలోంచి జడకుప్పెలు తీసి నా అరచేతిలో పెట్టారు. "మా రవళివి. పట్టుకుని చూడు, బరువంతా చివర్నే ఉంటుంది."

రవళి ఆవిడ కూతురు. కూచిపూడిలో ఉండి నాట్యం నేర్చుకుంటూ పదహారేళ్లకే జ్వరంతో పోయింది. ఆ పిల్ల ఆడుతుండగా తీసిన వీడియో ఒక్కటీ లేదట. బొమ్మ ముఖం ఎవరిదో నాకప్పుడు అర్థమైంది. కూతురు మళ్లీ కదలడం చూడాలి, ఆవిడకు కావలసింది అంతే.

"ఊగేది ఏదైనా ఆగాలమ్మా" అనేవారు అస్తమానం. లెక్కలో ఊపును కొంచెం కొంచెంగా తగ్గించే అంకె ఒకటుంటుంది. పక్కన కూర్చుని వారం రోజులు దాన్ని సరిచేయించారు. ఒక మధ్యాహ్నం కుదిరింది. బొమ్మ గిర్రున తిరిగి నిలబడింది. జడ నడుముకు ఒకసారి తగిలి, మరోసారి మెల్లగా తగిలి ఆగింది. ఆవిడ మళ్లీ తిప్పారు. మళ్లీ ఆగింది. ఇరవైసార్లు తిప్పి ఉంటారు.

"ఆ అంకె తీసెయ్యమ్మా. ఆగకుండా చెయ్యి."

"తీసేస్తే తప్పు కదండీ? మీరే చెప్పారు."

"ఈ ఒక్కసారికి."

కాదనలేక సున్నా పెట్టాను. లెక్కలో క్షణక్షణం దొర్లే చిన్న పొరపాటును అన్నాళ్లూ ఆ అంకే మింగేస్తోందని నాకు తెలియదు. ఆవిడకు తెలుసు, కానీ అప్పుడు ఆవిడ పంతులమ్మ కాదు, తల్లి. ఊపు నిలకడగా ఉండకపోగా అంతకంతకూ పెరిగింది. జడ మెడకు చుట్టుకుని తలను లాగేసింది. బొమ్మ పీలికలై తెర నిండా చెల్లాచెదురైంది. ఎలా ఆపాలో తెలియక నేను మౌస్ కోసం తడుముకుంటున్నాను. ఆవిడే చెయ్యి చాచి మానిటర్ ఆర్పేశారు.

మర్నాడు క్లాసు మామూలుగానే చెప్పారు. సీడీ నేనొక్కదాన్నే పూర్తిచేశాను, ఆవిడ మళ్లీ ఆ బొమ్మ వంక చూడలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఈలోగా ఆవిడా పోయారు.

ఇన్నేళ్లొచ్చినా ఆ అంకె దగ్గర సున్నా కొట్టడానికి నాకు వేలు ఆడదు. ఆ తల్లి కళ్ల ముందు ఆ పిల్లను రెండోసారి చంపింది నేనే.