ఉస్తాద్ వద్దన్న ఇంటర్‌కూలర్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దుగాల, కరీంనగర్‌ల నా షెడ్డు షట్టరు ఎత్తుతుంటె ఫోనొచ్చింది. నాకు పని నేర్పిన ఉస్తాద్ పోయిండు. గుండె ఆగిందట. నేను నస్పూర్‌ల ఆయన ఇల్లు చేరేసరికి వాకిట్ల మంది నిండిపోయిండ్రు. సగం మంది చేతుల ఫోన్లు. "లెజెండ్" అని స్టేటస్‌లు పెడుతుండ్రు. రెండేండ్ల సంది ఆయన షెడ్డు దిక్కు తొంగి చూడనోళ్లే అందరు. రోత పుట్టింది నాకు. గా మందిల అందరికంటె రోత మనిషిని నేనే. ఎందుకో చెప్త, వినుండ్రి.

ఉస్తాద్ బొగ్గు కంపెనీ వర్క్‌షాపుల డంపర్లు బాగుచేసి రిటైరైండు. ఇగ ఇంట్ల కూసోలేక రోడ్డు పక్కన షెడ్డేసిండు. ఆయన దగ్గర తొమ్మిదేండ్లు పని నేర్చుకున్న. నోరు మంచిది కాదు. బండి తెచ్చినోన్ని కూసోమనకముందే "దీనితోని ఎవల పానం తీస్తవ్?" అని అడిగేటోడు. మెరుపుల స్టిక్కర్లు కనవడితే మొఖం తిప్పుకునేటోడు. పగటాల్ల నా టిఫిన్ డబ్బ మూత తీసి చూసేటోడు, కూర తక్కువుంటె తన పప్పు సగం వంపి పోయేటోడు. ఇయ్యాల నా ఇంట్ల పొయ్యి వెలుగుతుందంటె ఆయన నేర్పిన పనితోనే.

ఉస్తాద్ చెయ్యి తిరిగింది టర్బో బండ్ల పనిల. టర్బో అంటె ఇంజన్ లోపటికి గాలిని బలంగ నూకేది. అట్ల నూకిన గాలి వేడెక్కుతది. దాన్ని సల్లవరిచే రేకుల పెట్టెనే ఇంటర్‌కూలర్. దాన్ని ఎక్కడ పెట్టాలె అన్నదే అసలు పని. ఇంజన్ మీద పెడితే ఇంజన్ వేడికి అదే ఉడుకుతది. ముందట బంపర్ల పెడితే గాలి మంచిగ తగుల్తది గని పైపులు పొడుగైతయి. పెట్టె, పైపులు నిండేదాంక బండికి జోరు రాదు. తొక్కినంక జర ఆగి, అప్పుడు ఉరుకుతది. గా ఆగుడునే ల్యాగ్ అంటరు. "ఇంజన్ పిలిస్తె గాలి పక్కింట్ల ఉండాలె, పక్కూర్ల కాదు" అనేటోడు ఉస్తాద్.

మా దిక్కు ఇంకో తిప్పలుంది, బొగ్గు దుమ్ము. ఆ రేకుల నడుమ దుమ్ము కూసుంటె ఇంటర్‌కూలర్ ఉన్నా లేనట్టే. అందుకే ఉస్తాద్ పాత తెల్ల బనీను ముక్కలకు ఆముదం రాసి, బంపర్ల మూడు నాలుగు జాగలల్ల కట్టి, డంపర్లు తిరిగే రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టొచ్చేటోడు. ఏ ముక్క తక్కువ నల్లగైందో చూసి ఆ జాగనే ఖాయం చేసేటోడు. పని అయినంక బిగిచ్చిన ప్రతి క్లిప్పు మీద పసుపు రంగు చుక్క పెట్టేటోడు. చుక్క పెట్టినవంటె జిమ్మ నీదే, చెడితే జవాబుదారివి నువ్వే అని మాకు చెప్పేటోడు. ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లం అందరం అదే చుక్క పెడ్తం.

రెండేండ్ల కింద ఒక కంట్రాక్టర్ కొడుకు ఉస్తాద్ దగ్గరికి ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చిండు. బంపరంత వెడల్పు ఇంటర్‌కూలర్ కావాలె, ముందటి జాలీల నుంచి మందికి కనవడాలె అన్నడు. చిన్నది చాలు, పైపులు పొట్టిగుంటయి అని ఉస్తాద్ శాన చెప్పిండు. ఆ పిలగాడు వినలే. "గిది ఇంజన్‌కు కాదు, నీ రీల్స్‌కు. తీస్కపో" అని ఉస్తాద్ పంపిండు. ఆ పిలగాడు సక్కగ నా దగ్గరికి వచ్చిండు. కరీంనగర్‌ల నాది అప్పుడే పెట్టిన కొత్త షెడ్డు. అసుంటి కారు నా షెడ్డు ముందట నిలవడితే పేరొస్తదని ఆశ. చెయ్యొద్దని నాకు ఎరుకే. ఎరుకుండే చేసిన. గుడ్డ కట్టలే, చక్కర్ కొట్టలే, పైపులు ఇంజన్ చుట్టు తిప్పి తిప్పి తెచ్చిన. చేతికి అలవాటైన పనాయె, చుక్కలు మాత్రం పెట్టిన.

నెల తిరగకముందే చొప్పదండి రోడ్డు మీద ఆ పిలగాడు లారీని దాటబోయిండు. తొక్కితె బండి లేవలే. ఎదురుంగ బస్సు. భయానికి ఇంకింత తొక్కిండు. గప్పుడు జోరంత ఒక్కపారే వచ్చి కారు పోయి పొలంల వడ్డది. చెయ్యి విరిగింది. బానెట్ ఎత్తి చుక్కలు చూసినోళ్లు నస్పూర్ ఉస్తాద్ పనే అన్నరు. కారు ఉస్తాదే చేసిండని ఆ పిలగాడు అప్పటికే ఊరంత గొప్పలు చెప్పుకున్నడు, ఇగ కాదని ఎట్లంటడు? నేనూ నోరు మూసుకున్న.

ఉస్తాద్ పోయి ఆ కారు చూసొచ్చిండు. అదే దినం మాపటికి నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగిండు, గుడ్డ కట్టినవా అని. కట్టిన అన్న. మంచిదని పెట్టేసిండు. ఆయనకు అబద్ధం చెప్పిన నోటితోనే అయ్యాల ఇంట్ల బువ్వ తిన్న. తర్వాత ఆయన షెడ్డుకు బండ్లు తగ్గినయి, ఇగ మొత్తానికే ఆగినయి. ఆయన ఎవలకూ నా పేరు చెప్పలే.

ఉస్తాద్ పోయిన పదకొండో దినం ఆ ఎర్ర కారు గుర్రుమనుకుంట భోజనాల టెంటు దాంక వచ్చింది. అందరు బంతిల కూసున్నంక కంట్రాక్టర్ కొడుకు లేచి, "నా బండి ఖరాబ్ చేసినా గా పెద్దమనిషిని నేను మాఫ్ చేసిన" అన్నడు. కొందరు తలలూపిండ్రు కూడ. నేను ఇస్తారాకు అట్లనే విడిచిన. లేచి లోపటికి పోయిన. ఉస్తాద్ భార్యను మేం అవ్వ అనే పిలుస్తం. ఆమె ముందట కూసోని అంత చెప్పేసిన.

"ఎరుకే" అన్నది అవ్వ. "కారు చూసొచ్చిన దినమే చెప్పిండు. వాని షెడ్డు కొత్తది, మూతవడొద్దన్నడు. ఆయన నిన్ను ఏమనలే. నేనంట. థూ నీ బతుకు. పో, గాళ్ల ముందట చెప్పు."

పోయి చెప్పిన. ఆ పని నాది, ఉస్తాద్ వద్దన్నడు, నేను చేసిన అని. కంట్రాక్టర్ కొడుకు ఫోన్ దిక్కు తల వంచిండు. ఉస్తాద్‌తోని వర్క్‌షాపుల పనిచేసిన ఒక ముసలాయన మెల్లగ అడిగిండు:

"మొన్నటిదాంక బతికే ఉండె కదరా. గప్పుడెందుకు చెప్పలే?"

ముసలాయన సగం తిన్న ఇస్తారాకు మడిచి లేచిండు. ఆయన పక్కాయన మడిచిండు. ఆ పక్కాయన కూడ. నేను బంతి నడుమ నిలవడే ఉన్న.