మా రాయల కాలం కొత్త ఇల్లు

మొన్న ఆదివారం నా ఇంట్లో, నేను కోయించిన మేకపోతు నాకే దక్కలేదు! ఎట్లంటారా? వినండి. నవ్వినోళ్ళు మాత్రం టీ తాగించాల.

కర్నూలు రాజధాని అయినప్పటినుంచి మన పక్క అందరికీ బంగళాల పిచ్చి పట్టిందా లేదా? నంద్యాలలో మా బావ, అదే, మా ఆవిడ అన్న, దొరల మాదిరి పోర్టికో, గుండ్రటి కంబాలు పెట్టి ఇల్లు కట్టినాడు. పోయినప్పుడల్లా కంబాన్ని తట్టి, "చూస్తివా బావా, ఇంగ్లీషు ఫ్యాషన్!" అంటాడు. నాకు కడుపు మండిపాయె. దొరలు నిన్న మొన్న పోయినోళ్ళు. నేను రాయల కాలం ఫ్యాషన్‌లో కడతా, బావ నోటితోనే "నా ఇంటికంటే నీదే గొప్ప" అనిపిస్తా అని ఆళ్ళగడ్డలో పునాది తీసినా.

మన ఊర్లో శిల్పులకు కొదవా? ఒక ముసలాచారిని పిలిచి, "వసారాకు ఆరు కంబాలు కావాల. అచ్చం రాయల కాలం మాదిరి ఉండాల" అన్నా.

"వాటి మీద ఏం చెక్కమంటావప్పా?"

"అన్నీ నేనే చెప్తే నువ్వెందుకు? పాతకాలంలో ఏముండెనో అదే చెక్కు."

చెక్కుడు పాడవకుండా గోనెపట్టలు చుట్టే నిలబెట్టినారు. గృహప్రవేశం నాడు పట్టలు విప్పితే, ఆరు కంబాల్లో ఆరుమంది నరసింహస్వాములు! కోరలు, గోళ్ళు, హిరణ్యకశిపుని పేగులతో సహా!

"ఏందీ ఆచారీ ఇది?"

"అహోబిలం పక్కన ఉండి, కంబంలో సామి లేకుంటే ఇంకెవరుంటారప్పా?"

పోనీలే, గొప్పగానే ఉందని సర్దుకున్నా. గృహప్రవేశానికి బావ రాలేకపాయె, అందుకని మొన్న ఆదివారం విందుకు పిలిచినా.

పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టి, ఒంటిమీద పంచె ఒక్కటే కట్టుకోని వసారాలో నిలబడినా. అహోబిలం పోయే బండ్లు రెండు వాకిట్లో ఆగినాయి. జనం దిగి తిన్నగా వసారా ఎక్కి, కంబాలకు కుంకుమ పూసి, టెంకాయలు కొట్టేసినారు! ఒక అవ్వ నా ముందర చెయ్యి చాపింది.

"సామీ, తీర్థమియ్యి."

"అవ్వా, నేను పూజారిని కాదు! ఇది మా ఇల్లు!"

"కోప్పడొద్దు సామీ. శానా దూరం నుంచి వచ్చినాం."

అప్పుడే బావ జట్కా దిగినాడు. వాకిట్లోనే బూట్లు విప్పి, ఆరు కంబాలకూ దండం పెట్టి, అవ్వ వెనక నిలబడినాడు.

"గుడి బ్రహ్మాండంగా కట్టించినావు బావా. ఇల్లు యాడుంది?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లాయె. ఇంతలో మా ఆవిడ వంటింట్లోనుంచి వచ్చింది. "కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినాక ఈ ఇంట్లో మాంసం ఉడికించేది నేను కాదు" అని తేల్చేసింది. మసాలా పట్టించిన మాంసమంతా గిన్నెతో సహా అన్న చేతికిచ్చింది. మాకు పప్పు వండింది.

జట్కా ఎక్కేముందు, నేను ఇంతకాలం కాచుకున్న మాట బావ అననే అన్నాడు.

"ఒప్పుకుంటాండా బావా, నా ఇంటికంటే నీదే గొప్ప. మాదేముంది, మనుషులుండే కొంప."

వచ్చే ఆదివారం నంద్యాల బస్సెక్కుతాండా. ఆ ఇంగ్లీషు కంబానికే వీపు ఆనించి, కడుపునిండా మాంసం తినొస్తా.