జనరేటరు పొగ ఎవరి ఖాతాలో?

రెండువేల దశకం చివరి ఏళ్లలో నేను మదనపల్లె నుంచి బస్సులో వెళ్లి, పుంగనూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూసేవాణ్ణి. ఒక వేసవిలో విదేశీ కొనుగోలుదారు కొత్త షరతు పెట్టాడు. ఫ్యాక్టరీ వల్ల ఏడాదికి ఎంత కర్బన వాయువు గాలిలో కలుస్తోందో అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లెక్కగట్టి పంపాలి. లేదంటే ఆ సీజను ఆర్డరు ఉండదు. మాకున్న పెద్ద ఆర్డరు అదొక్కటే.

తేదీ, అంకె ఉన్న కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మే అలవాటు లేని నాకు ఆ ప్రమాణం ఎంతో నచ్చింది. అందులో లెక్క మూడు భాగాలు: మనం కాల్చిన ఇంధనం మొదటి భాగం, కొన్న కరెంటు రెండో భాగం, మన పని మీద ఇతరులు కాల్చినది మూడో భాగం. కరెంటు లెక్క బిల్లులతో తేలిపోయింది. చిక్కంతా మొదటి భాగంలోనే వచ్చింది.

"జనరేటరు మాది కాదు గద సార్," అన్నాడు యజమాని. "మా ఇంటామె పేరున ఉండాది."

మా వైపు వ్యాపారాల తీరే అంత. బాయిలరు తండ్రి పేరున, జనరేటరు భార్య పేరున, లారీ బామ్మర్ది పేరున ఉంటాయి. యజమానికి మిగిలేది గేటు మీది బోర్డు. ఆ లెక్కన మా ఫ్యాక్టరీ పొగే లేకుండా గుజ్జు తీస్తోందన్నమాట.

పేరు ఎవరిదైనా సరే, నడిపే అధికారం ఎవరిదో వారి ఖాతాలోనే రాయాలన్న నిబంధనను చదివి వినిపించాను.

"నడిపేది కూడా ఆమే అని రాసేయండి."

అన్నం క్యారియరు తెచ్చిన ఆయన భార్య ఆ మాట విన్నది. "పొగ నాదైతే స్విచ్చి కూడా నాదే గద. ఆపేసి వస్తా," అంటూ జనరేటరు షెడ్డు వైపు నడిచింది. అప్పటికి కరెంటు పోయి గంటయింది, ఫ్యాక్టరీ ఆ జనరేటరు మీదే నడుస్తోంది.

"యాడికి పోతాండావు? లోపల కాయలు నడస్తాండాయి. నేను చెప్పకుండా ఎట్ల ఆపుతావు?"

ఆమె నా వైపు తిరిగింది. "ఇన్నారా సార్? ఎవురు నడిపేదో ఆయప్పే చెప్పినాడు. రాసుకోండి."

జనరేటరును మొదటి భాగంలో రాసుకున్నాను. అదే కొలతతో బాయిలరూ అందులోకే ఎక్కింది. కుప్పంలో ఉండే బామ్మర్ది లారీ పదిమందికీ బాడుగకు తిరిగేది కనుక మూడో భాగంలోకి వెళ్లింది. పెరిగిన మొత్తాన్ని చూసి, ఆర్డరు పోయినట్టేనని యజమాని నిశ్చయించుకున్నాడు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: లెక్క సమగ్రంగా ఉంది, సరుకు పంపండి.

లోడు ఎత్తే రోజున బామ్మర్ది నన్ను పట్టుకున్నాడు. "మా అక్కది మొదట రాసి, నాది మూడో దాంట్లో ఏసినారంట. యాల సార్, నేను బయటోణ్ణా?"

చాలా సంస్థల్లో మూడో భాగమే అన్నిటికంటే పెద్దదని వివరించాను.

"అట్లయితే ఆడే ఉండనీండి," అని లారీ ఎక్కి చెన్నై దారి పట్టాడు.