ఖాదర్ రాని నామకరణం

మా తమ్ముడు నాగిరెడ్డికి మనవడు పుట్టాడు. నామకరణానికి రమ్మని వాడు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. కార్డు మాత్రం వాడి కొడుకు వాట్సాప్‌లో పంపాడు. కార్డు చివర "ఆహ్వానించువారు: గిరి రెడ్డి" అని ఉంది. మా మేనల్లుడి పేరు పుట్టినప్పటి నుంచీ దస్తగిరి రెడ్డి. వాడికంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, మా మరదలు ఊళ్లో పీర్ల చావిడికి మొక్కుకుంది. మూడోవాడు నిలిచాడు, దస్తగిరి స్వామి పేరు పెట్టుకున్నారు. మా వైపు ఇది వింతేం కాదు. పక్కీరారెడ్లూ హుస్సేనమ్మలూ హిందువుల ఇళ్లలో కావలసినంతమంది ఉన్నారు. మరి వీడికిప్పుడు సగం పేరు ఎందుకు బరువైందో చూద్దామని కూడా బయలుదేరాను.

పొద్దున ఆరింటికి కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. టీచరుగా రిటైరయ్యాక ప్రభుత్వం నాకిచ్చిన గౌరవం ఇదొక్కటే కాబట్టి దర్జాగా కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కన నంద్యాలలో బట్టల షాపున్న శెట్టిగారి భార్య. పాణ్యం వచ్చేలోపు తన కొడుకు ఇంజనీరింగు చదువు, కొత్త కారు, కోడలి వంట అన్నీ చెప్పేసింది. కొడుకు ఫోనులో పంపిన మెసేజీ ఒకటి నాకు చూపించింది. మనవాళ్లు మనవాళ్ల దగ్గరే కొనాలని దాని సారాంశం.

"మరి మీ షాపుకు సాయిబులు రారా?" అన్నాను.

"సగం బేరం వాళ్లదేమ్మా. మా పిల్లోడు ఇవి పంపిస్తా ఉంటాడు, నేను చీరలమ్ముతా ఉంటా" అని తనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. రెండు పనులూ ఒకే ఇంట్లో ఎలా సాగుతున్నాయని అడగాలనుకున్నాను గానీ ఈలోపు ఆమె అరటిపండు చేతిలో పెట్టింది.

నంద్యాలలో దిగేసరికి ఎనిమిది. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు, టీ కలిపి యాభై రూపాయలు. బజ్జీలు వేడిగా ఉంటేనే తీసుకోండి, లేకపోతే దానికంటే పస్తు నయం. ఆళ్లగడ్డ బస్సు వెంటనే దొరికింది. మీరు వెళ్తే ఎడమ వైపు కూర్చోండి. శిరివెళ్ల దాటాక కూడా నల్లమల కొండలు కనిపిస్తూనే ఉంటాయి. కుడి వైపు కూర్చున్న వాళ్లకు ఫ్లెక్సీలే గతి. వాటిలో ఒకదాని మీద మా అల్లుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద "మన గిరన్న" అని రాశారు.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గర దిగాను. రాయి చెక్కే చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తోంది. అల్లుడు పంపిన కారు అక్కడే ఉంది. ఒకప్పుడు ఈ దారిన మా ఊరికి ఎద్దుల బండి తప్ప ఇంకేదీ పోయేది కాదు. ఇప్పుడు ఏసీ కారులో వెళ్తుంటే, నాగిరెడ్డి కొడుకు బాగుపడ్డాడని నిజంగానే సంతోషమేసింది. నాలుగు టిప్పర్లు కొన్నాడు, కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఇప్పుడు మండలం నుంచి జడ్పీటీసీ టికెట్టు కావాలి. ఆ టికెట్టు చేతిలో ఉన్న పెద్దలు నామకరణానికి వస్తున్నారు.

షామియానా కింద నాగిరెడ్డి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నన్ను చూడగానే, "ఖాదరు ఇంకా రాలేదక్కా. వాని చక్కెర లేకుండా మనింట్లో ఎవురికీ పేరు పెట్టింది లేదు. నువ్వు పోయి పిల్చుకోని రాపో" అన్నాడు.

ఖాదర్ సాయిబు పీర్ల చావిడి ముజావరు, అంటే పీర్లను చూసుకునేవాడు. మా తమ్ముడితో కలిసి గొర్రెలు కాసినవాడు. మా ఇంట్లో బిడ్డకు పేరు పెట్టే రోజు ఖాదర్ చక్కెర మీద ఫాతిహా చదివి చిటికెడు బిడ్డ నాలుకకు అద్దుతాడు. ఆ తర్వాతే అయ్యవారు మంత్రాలు అందుకుంటాడు. వాళ్ల నాన్న కాలంలోనూ ఇంతే.

రెండు సందులు దాటి వెళ్లాను. ఖాదర్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే చక్కెర పొట్లం.

"ఏందీ, తయారై కూడా ఈడేం చేస్తాండావ్?" అన్నాను. ఊళ్లో అడుగు పెడితే నా మాటా మారిపోతుంది.

"కూర్చోక్కా" అని జరిగాడు. "పొద్దున దస్తగిరి ఫోన్ చేసినాడు. మర్యాదగానే మాట్లాడినాడు. మామా, నంద్యాల నుంచి పెద్దోళ్లు వస్తాండారు, ఎండకు నువ్వెందుకు, సాయంత్రం బిడ్డను నేనే ఎత్తుకొస్తా అన్నాడు."

నాకు ఒళ్లు మండింది. "నీకు కోపం రాల్యా?"

"కోపమెందుకక్కా? ఇన్నాళ్లకు మన ఊరోనికి టికెట్టు వస్తాండాది. నేనాడ ఫాతిహా చదివితే ఎవడో ఒకడు ఫోటో తీసి పైకి పంపుతాడు. మా ఇంట్లో ఓట్లన్నీ వానికేలే." పొట్లం మడత సరిచేస్తూ అన్నాడు: "బెంగళూర్లో ఉండే మావాడు కూడా ఇదే చెప్తాండాడు. పీర్లు మన మతంలో లేవంట, చావిడి వదిలేయమంటాడు. వాడూ బాగా చదువుకున్నోడే గదా."

దస్తగిరీ, ఖాదర్ కొడుకూ ఒకే బడికి పోయారు, పీర్ల పండక్కి చావిడి ముందు నిప్పుల గుండం చుట్టూ కలిసి ఎగిరారు. ఒకడు టిప్పర్లు కొన్నాడు, ఇంకొకడు కంపెనీలో పెద్ద ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఎవరి దారిన వాళ్లు పైకొచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డారు.

ఖాదర్ పొట్లం నా చేతికిచ్చాడు. "చదివిన చక్కెరే. నాగిరెడ్డి అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పు."

నేను వెళ్లేసరికి పెద్దలు వచ్చేశారు. తమ్ముడికి పొట్లం ఇచ్చి మోకాళ్ల నొప్పి సంగతి చెప్పాను.

"నిన్న నా చేన్లో గెనెం గట్టు మింద బాగానే నడిచెనే వాడు" అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు, పెద్దలకు శాలువాలు కప్పుతున్న కొడుకును చూశాడు. వాడికి అంతా అర్థమైంది. నాగిరెడ్డి నోరు ఎంత పెద్దదో ఊరికంతా తెలుసు. షామియానా లేచిపోతుందనే అనుకున్నాను. వాడు ఉయ్యాల దగ్గర కూర్చుని, పొట్లం విప్పి, చిటికెడు చక్కెర మనవడి నాలుకకు అద్దాడు.

"ఏంది పెద్దాయనా అది?" అని పెద్దల్లో ఒకాయన నవ్వుతూ అడిగాడు.

"చక్కెర" అన్నాడు నాగిరెడ్డి.

అయ్యవారు బియ్యంలో విహాన్ రెడ్డి అని రాయించాడు. భోజనాలు బాగున్నాయి. ముఖ్యంగా ఓళిగలు.

మూడున్నరకు అల్లుడే నన్ను కారులో ఆళ్లగడ్డకు తీసుకొచ్చాడు. ఊరు దాటాక, "ఖాదర్ మామ ఏమన్నాడత్తా?" అని అడిగాడు.

"ఏమీ అనల్యా. ఇంట్లో ఓట్లన్నీ నీకేనన్నాడు."

వాడు కారు నెమ్మది చేశాడు. "తిట్టింటే బాగుండు" అన్నాడు.

"సాయంత్రం బిడ్డను ఎత్తుకుపోతానన్నావంట గదా."

"పోతా." అప్పుడే ఫోను మోగింది. చూసి, కాసేపు మోగనిచ్చి, ఎత్తాడు. "అన్నా... రాత్రికా? నంద్యాలకా? వస్తాండానన్నా." ఫోను పెట్టాక నా వైపు చూడలేదు.

తిరుపతి నుంచి కర్నూలు వెళ్లే ఎక్స్‌ప్రెస్ నాలుగున్నరకు వచ్చింది. పాణ్యం దాటుతుండగా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, వాడు నంద్యాలకు పాయ. నేనే పిల్లోన్ని ఎత్తుకోని ఖాదరింటికి వచ్చినా. ఇంద, మాట్లాడు."

ఖాదర్ అందుకున్నాడు. వెనక పసివాడు సన్నగా ఏడుస్తున్నాడు. "బిడ్డకు ఏం పేరు పెట్టినారక్కా? నాగిరెడ్డికి నోరు తిరగల్యా."

"విహాన్" అన్నాను.

"బాగుండాది" అన్నాడు. "మంచి పేరే. బిడ్డ రేపు ఏ ఊరికి పోయినా బాడుగకు ఇల్లు దొరుకుతాది. మావాడు బెంగళూర్లో ఎన్ని వీధులు తిరిగినా పేరు అడిగి తలుపేస్తాండిరి."

సరే ఖాదరూ అని ఫోను పెట్టేశాను. పొద్దుటి నుంచి ఈ దారిలో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. కర్నూలు దీపాలు కనిపించేదాకా నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.