వ్యంగ్యానికి నేనిచ్చిన ఉదాహరణ

మొన్న సాయంత్రం జగిత్యాలలో మా మనుమరాలు తెలుగు పుస్తకం నా ఒళ్లో పెట్టి, "అమ్మమ్మా, వ్యంగ్యానికి ఒక ఉదాహరణ చెప్పరాదూ" అంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, అతిశయోక్తికి అడిగి ఉంటే పది చెప్పేదాన్ని. దీనికి మాత్రం మోకాళ్ల నొప్పి సాకు చెప్పి పక్కకు ఒరిగాను.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో కోరుట్ల వైపు ఒక బడిలో పనిచేశాను. ఇంటి పని ముగించుకుని, కిక్కిరిసిన బస్సులో నిలబడి, బడి చేరేసరికే సగం ప్రాణం పోయేది. అయినా ఏడో తరగతికి అతిశయోక్తి చెప్పిన రోజు అలసట తెలియలేదు. మా తాత గురక మల్యాల దాకా వినొస్తదని ఒకరు, మా అక్క కోపానికి పొయ్యి లేకుండానే అన్నం ఉడుకుతదని ఇంకొకరు పోటీపడి కోతలు కోశారు. మరునాడు వ్యంగ్యం మాత్రం ఎవరికీ ఎక్కలేదు. పైకి ఒకటి అని లోపల దానికి ఎదురు అర్థం ఉంచడమని ఎన్నిసార్లు చెప్పినా తెల్లమొహాలు వేశారు. అప్పుడే, రోజూ ఆలస్యంగా వచ్చే ఒక పిల్ల తల కూడా దువ్వుకోకుండా గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఇంత తొందరగా ఎందుకచ్చినవ్ తల్లీ? రేపటి నుంచి ఇంట్లనే ఉండు, బడినే మీ ఇంటికి పంపిస్తం" అన్నాను. తరగతంతా నవ్వింది. ఇదే వ్యంగ్యమంటే అని చెప్పి, పాఠం ఇప్పటికి ఎక్కిందని మురిసిపోయాను. అంతకుముందు చెప్పిందేదీ వినని ఆ పిల్ల నవ్వలేదన్నది నాకు పట్టలేదు.

మరునాటి నుంచి ఆమె రాలేదు. వారం చూసి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తల్లి ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది, పిల్ల గోడవారగా కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. బడికి ఎందుకు పంపడం లేదని అడిగితే తల్లి చేతులాపకుండానే, "ఇంట్లనే ఉండుమని మీరే చెప్పిన్రట గద మేడం. పొద్దుగాల ఆకు కత్తిరించి అచ్చేసరికి ఆలస్యమైతాంది, గందుకే పేరు తీసేసిన్రేమో అనుకున్నం" అంది. గొంతులో కోపం లేదు. నేనన్నది ఒకటి, దాని అర్థం వేరొకటి అని నచ్చజెప్పబోయాను. ఆమె చుట్టిన బీడీ చేటలో వేసి, "గట్లయితే సక్కగనే చెప్పకపోయిన్రా" అంది.

"తప్పు నాదే బిడ్డా, రేపు రా" అన్నాను. పిల్ల ఆకు కత్తిరిస్తూనే ఉంది.

రెండు రోజులకు వచ్చింది. చివరి వరుసలో కూర్చునేది, పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. పరీక్షలు రాసి పాసైంది. వేసవి తర్వాత ఆ కుటుంబం మరమగ్గాల పనికి సిరిసిల్ల వెళ్లిపోయిందని తెలిసింది. అక్కడ బడిలో వేశారో లేదో అడిగి తెలుసుకునే ఓపిక లేక ఊరుకున్నాను. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఆ తర్వాత ఆ పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉన్నది చదివించి ముగించేదాన్ని. నాతో పనిచేసినవాళ్లు కలిసినప్పుడు, ఇప్పటి పిల్లలకు భయం లేదనీ, ఒక మాట అంటే ఎందుకన్నారని నిలదీస్తారనీ వాపోతుంటారు. వాదించలేక నేనూ తలూపుతాను. కానీ మన రోజుల్లో మనం ఏమన్నా పిల్లలు తల వంచుకుని వినేవారు, దాన్ని మనం గౌరవమనుకున్నాం. వాళ్లలో ఎంతమంది మన మాట నిజమనుకుని ఇంట్లోనే ఉండిపోయారో. నేను వెళ్లి చూసింది ఒక్క ఇల్లే.